ఫోన్ చేస్తే వింటారా? విదేశీ సహాయం కోసం కాంగ్రెస్ సభ్యుణ్ని అడిగే పద్ధతి

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటాం. పోయిన ఏడాది నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. విదేశీ సహాయం కోతల వార్తలు చూసి మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు "థాంక్యూ, చెప్తాను" అని పెట్టేశాడు. ఇది దండగ పనేనా? దీనికన్నా మా ఊరి బడికి ఇంకో వంద డాలర్లు పంపడం మేలా? మా ఆయనైతే "మన టాక్స్ డబ్బు ఎవరికో ఎందుకు" అంటున్నారు.

జవాబు:

దండగ కాదండీ. కానీ మీరు చేసిన పద్ధతిలో ఫలితం తక్కువ. 2009 నుంచి నేను ఈ పనిలో ఉన్నాను. జీతం లేదు, పదవి లేదు. మా ఊళ్లో అయిదారుగురం ఉన్నాం. లంచ్ టైముల్లో, శనివారాల్లో కూర్చుని, పేద దేశాల పిల్లల టీకాలకీ టీబీ మందులకీ బడులకీ డబ్బు కేటాయించమని మా కాంగ్రెస్ సభ్యుణ్నీ ఇద్దరు సెనేటర్లనీ అడుగుతూ ఉంటాం. గెలిచిన ఏళ్లకన్నా ఓడిన ఏళ్లే ఎక్కువ. అయినా మానలేదంటే కారణం ఉంది, చెప్తాను.

ముందు మీ ఫోన్ సంగతి. ఎత్తిన కుర్రాడు సాధారణంగా కాలేజీ ఇంటర్న్. మీ పేరు, జిప్ కోడ్, ఏ విషయం, అనుకూలమా వ్యతిరేకమా అని కంప్యూటర్‌లో కొట్టుకుంటాడు. వారం చివర ఆ లెక్క పైకి వెళ్తుంది. కాబట్టి మీ రెండు ఫోన్లూ రెండు టిక్కులయ్యాయి. టిక్కుకి విలువ లేదని కాదు. ఎప్పుడూ మూడు ఫోన్లు వచ్చే విషయం మీద ఒక వారం అరవై వస్తే ఆఫీసులో తలలెత్తి చూస్తారు. కానీ టిక్కుతో సంభాషణ మొదలవదు. ఈసారి చేసినప్పుడు అభిప్రాయం చెప్పి ఊరుకోకండి. "మీ దగ్గర విదేశాంగ విషయాలు చూసే లెజిస్లేటివ్ అసిస్టెంట్ ఎవరు? వారికి ఈమెయిల్ పంపాలి, అడ్రసు చెప్తారా?" అని అడగండి. చాలాసార్లు చెప్తారు. మీకు కావలసింది ఆ మనిషి. వయసు పాతికా ముప్పై మధ్య ఉంటుంది. వ్యవసాయం నుంచి రక్షణ శాఖ దాకా నాలుగైదు విషయాలు ఒక్కరే చూస్తుంటారు, ఊపిరి సలపని పని. విషయం తెలిసి, ఒక పేజీలో సరిగ్గా చెప్పే ఓటరు దొరికితే వాళ్లకి నిజంగా ఉపకారమే. ఈ మాట నమ్మడానికి నాకు మూడేళ్లు పట్టింది.

నా మొదటి మీటింగ్ చెప్తే మీకు ధైర్యం వస్తుంది. 2010. జిల్లా ఆఫీసు ఒక స్ట్రిప్ మాల్‌లో ఉంది. ఒక పక్క నెయిల్ సెలూన్, ఇంకో పక్క టాక్సులు ఫైల్ చేసే షాపు. నేను టై కట్టుకుని, ల్యాప్‌టాప్‌లో ఇరవై రెండు స్లైడ్లు పెట్టుకుని వెళ్లాను. మాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో పద్దెనిమిది నేనే తిన్నాను. గ్రాఫులు, శాతాలు, ఆఫ్రికా మ్యాపు. స్టాఫర్ అమ్మాయి ఓపిగ్గా అంతా విని, "మంచిది, ఇప్పుడు మా బాస్ ఏం చెయ్యాలంటారు?" అని అడిగింది. నేను తెల్లమొహం వేశాను. "సపోర్ట్ చెయ్యాలి" అన్నాను. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో ఏమీ రాసుకోలేదు. పెళ్లికి వెళ్లి అక్షింతలు వెయ్యకుండా తిరిగొచ్చినట్టయింది.

మరుసటి ఏడాది మాతో ఒక తెలుగు పెద్దావిడ వచ్చారు. కొడుకు దగ్గర ఉంటారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. నేత చీర, చేతిలో సంచీ. ఆవిడ చెప్పింది నాలుగు వాక్యాలు. "మా అమ్మకి ఏడుగురం పుట్టాం. నలుగురం మిగిలాం. రెండేళ్ల చెల్లెలు తట్టుతో పోయింది. అప్పటికి మా ఊరికి టీకా రాలేదు." గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేను, ఈసారి స్లైడ్లు లేకుండా, ఒకటే అడిగాను: పేద దేశాల పిల్లల టీకాలకి డబ్బు ఇచ్చే గావీ సంస్థకి ఈ ఏడాది ఫలానా మొత్తం కేటాయించాలని కమిటీకి వెళ్తున్న ఉత్తరం మీద మీ బాస్ సంతకం పెడతారా, ఫలానా తేదీ లోపల? ఆ అమ్మాయి పెన్ను కదిలింది. సంతకం ఆ ఏడాది పడలేదు, ఆ పై ఏడాదీ పడలేదు. మూడో ఏడాది పడింది. అప్పటికి ఆ అమ్మాయి ఉద్యోగం మారిపోయింది కూడా. కానీ తన తర్వాత వచ్చినతనికి మా ఫైలు అప్పజెప్పి వెళ్లింది.

కాబట్టి అడిగేది ఒక్కటే ఉండాలి, దానికి అంకె ఉండాలి, గడువు ఉండాలి. "పేదరికం తగ్గించండి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చెయ్యరు. గడువు కోసం వాషింగ్టన్ క్యాలెండర్ కొంచెం తెలియాలి. అధ్యక్షుడు పంపే బడ్జెట్ ఒక కోరికల చిట్టా మాత్రమే. డబ్బు కేటాయించే అధికారం కాంగ్రెస్‌ది. ఆ పని చేసేది అప్రాప్రియేషన్స్ కమిటీ, దాని కింద విదేశాంగ ఖర్చులు చూసే సబ్‌కమిటీ. వసంతకాలంలో, మామూలుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, ప్రతి సభ్యుడూ తన కోరికలు ఆ సబ్‌కమిటీకి రాసి పంపుతాడు. కొందరు సభ్యులు కలిసి ఉత్తరం తయారుచేసి తోటివాళ్ల సంతకాలు అడిగేదీ అప్పుడే. వేసవిలో కమిటీ బిల్లు రాస్తుంది. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, బిల్లు మాత్రం చాలా ఏళ్లు అప్పటికి పూర్తవదు. మన ఫోన్లలో ఎక్కువ భాగం వేసవి చివర్లో, టీవీలో గొడవ చూశాక వెళ్తాయి. ఉగాది ప్రాంతంలో వెళ్లవలసిన ఫోన్ వినాయక చవితికి వెళ్తే ఏం లాభం? ఆగస్టులో మాత్రం ఒక సౌకర్యం ఉంది. సభకి సెలవు కాబట్టి సభ్యులు నియోజకవర్గంలోనే ఉంటారు. అప్పుడు నేరుగా కలవడం సులువు.

మీకు రాజకీయాలు తెలియవని భయపడకండి. మా దేశవ్యాప్త సంస్థ, రిజల్ట్స్, 1980లో మొదలుపెట్టిన శామ్ హారిస్ ఒక సంగీతం మాస్టారు. దానికి ముందు ఆయన హైస్కూళ్లకి వెళ్లి ఏడు వేల మంది పిల్లల్ని "మీ కాంగ్రెస్ సభ్యుడి పేరేమిటి" అని అడిగితే చెప్పగలిగినవాళ్లు రెండు వందల మందట. ఆకలి గురించి అందరికీ బాధ ఉంది గానీ ఎవరిని అడగాలో తెలియదు, లోపం అక్కడుందని ఆయనకి అర్థమైంది. ఊరూరా చిన్న గుంపులు కట్టి, ఉత్తరాలు రాయించడం, స్థానిక పత్రికల సంపాదకులతో మాట్లాడించడం మొదలుపెట్టాడు. 1980ల మధ్యలో యునిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్, రోజుకి నలభై వేలకి పైగా పిల్లలు టీకాలూ ఓఆర్ఎస్ లాంటి చవక వైద్యం అందక పోతున్నారని ప్రపంచమంతా తిరిగి చెప్తున్నాడు. ఆ రోజుల్లోనే కాంగ్రెస్ పిల్లల ప్రాణరక్షణకి విడిగా ఒక నిధి పెట్టింది, 2.5 కోట్ల డాలర్లతో. దాన్ని పెంచమని వెంటపడినవాళ్లలో ఈ గుంపులున్నాయి. 1990లో అయిదేళ్లు నిండకుండా చనిపోయిన పిల్లలు ప్రపంచంలో 1 కోటి 20 లక్షల పైమాటే. 2023లో అది 48 లక్షలు. ఇదంతా మా ఉత్తరాల వల్లే అంటే నవ్వుతారు. ఆయా దేశాల ప్రభుత్వాలు, నర్సులు, మంచినీళ్లు, ఆడపిల్లల చదువు, అన్నీ కలిస్తే జరిగింది. అందులో విదేశీ సహాయం వాటా ఉంది, ఆ సహాయంలో అడిగినవాళ్ల వాటా ఉంది. అంతవరకు నిస్సంకోచంగా చెప్తాను.

ఇటీవలి ఉదాహరణ 2025దే చెప్తాను, ఎందుకంటే ఆ ఏడాది మేం చిత్తుగా ఓడిపోయాం. జనవరి 20న విదేశీ అభివృద్ధి సహాయాన్ని 90 రోజులు నిలిపేస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. మార్చిలో, అమెరికా తరఫున విదేశీ సహాయం నడిపే యూఎస్ఎయిడ్ సంస్థ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామన్నారు. జులై 1కి 1961 నాటి ఆ సంస్థ మూతపడి, మిగిలింది విదేశాంగ శాఖలో కలిసింది. జూన్‌లో వైట్‌హౌస్, కాంగ్రెస్ అప్పటికే కేటాయించిన 940 కోట్ల డాలర్లని వెనక్కి తీసుకుంటామని బిల్లు పంపింది. అందులో ఎక్కువ భాగం విదేశీ సహాయమే. ఎయిడ్స్ మందులిచ్చే పెప్‌ఫార్ నుంచి 40 కోట్లు కొయ్యాలని కూడా ఉంది. పెప్‌ఫార్ 2003లో జార్జ్ బుష్ మొదలుపెట్టిన కార్యక్రమం. రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని అమెరికా విదేశాంగ శాఖే లెక్క చెప్తుంది. ఆ జూన్, జులైల్లో మేం వేరే ఏమీ మాట్లాడలేదు. రిపబ్లికన్ సెనేటర్ల ఆఫీసులకి పెప్‌ఫార్ ఒక్కటే. ఆ పార్టీ చర్చి వాళ్లు, డాక్టర్లు, మాలాంటి వాళ్లు, అందరూ ఆ ఒక్కదాని మీదే పడ్డారు. చివరికి ఆ 40 కోట్ల కోతని సెనేట్ తీసేసింది. మిగతా 900 కోట్ల కోత 51-48తో నెగ్గింది, హౌస్‌లో 216-213తో. ముగ్గురు సభ్యుల తేడా! మీ ఒక్క సభ్యుడి ఆఫీసు ఎందుకు ముఖ్యమో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

తర్వాత దెబ్బ కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినవాణ్నవుతాను. ఆగస్టు చివర్లో వైట్‌హౌస్ ఇంకో 490 కోట్ల డాలర్లు ఆపేస్తామంది. కాంగ్రెస్ ఆలోచించుకోవడానికి చట్టం ఇచ్చే 45 రోజులు పూర్తికాకముందే ఆర్థిక సంవత్సరం ముగిసిపోయేలా ముహూర్తం చూసి పెట్టారు. సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు దాదాపు 400 కోట్లు ఆపి ఉంచడానికి ఒప్పుకుంది. అంటే కేటాయింపు సాధించడం ఒక్కటే చాలదు, ఆ డబ్బు ఖర్చవుతోందా అని కూడా అడగాలి. ఇప్పుడు మా ప్రతి మీటింగ్‌లో రెండో ప్రశ్న అదే: "మీరు ఓటేసిన డబ్బు బయటికి వెళ్లిందా? వెళ్లకపోతే మీరు శాఖకి ఉత్తరం రాశారా?" తమ ఓటుకి విలువ లేకుండా పోయిందన్న మాట ఏ పార్టీ సభ్యుడికైనా గుచ్చుకుంటుంది.

ఇక మీ ఆయన మాట. ఆయన్ని తప్పుపట్టకండి. బడ్జెట్‌లో విదేశీ సహాయం ఎంత అని సర్వేల్లో అడిగితే అమెరికన్లు సగటున నాలుగో వంతు అంటారు. నిజానికి అది ఒక శాతం చుట్టూ ఉంటుంది. ఆయన్ని కూడా ఊహించి చెప్పమనండి, తర్వాత అసలు అంకె చెప్పండి. వాదన కన్నా అది బాగా పనిచేస్తుంది.

"ఎవరికో" అన్న మాటకి నా దగ్గర వేరే జవాబు ఉంది. నేను చదివిన మండల ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నం రవ్వ ఉప్మా పెట్టేవారు. ఆయా పెద్ద గుండిగలో గరిటె పెట్టి తిప్పుతుంటే అమెరికా నూనె వాసన తరగతి గదిలోకి వచ్చేది, ఎక్కాలు మర్చిపోయేవాళ్లం. ఖాళీ సంచుల మీద అమెరికా సహాయం గుర్తు, కలిపిన రెండు చేతుల బొమ్మ, ఉండేది. ఆ సంచులు ఉతికి వాకిట్లో వడియాలు పెట్టుకునేవాళ్లు. ఆ "ఎవరో" నేనే. మన ఊళ్లలో డ్వాక్రా అక్కచెల్లెళ్ల సంఘాలకి ఊపునిచ్చిన వెలుగు పథకం 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వచ్చిందే. ఆ బ్యాంకులో పేద దేశాలకి తక్కువ భారంతో అప్పిచ్చే విభాగంలో అమెరికా డబ్బు కూడా ఉంటుంది. ఎయిడ్స్ మందులనే తీసుకోండి. 2000 ప్రాంతంలో ఒక రోగికి ఏడాదికి పది వేల డాలర్లు దాటిన మందు ఇప్పుడు వంద లోపలికి దిగిందంటే మన దేశపు జెనరిక్ కంపెనీల వల్ల, వాటిలో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. సహాయం ఆగినప్పుడు దెబ్బ కూడా అక్కడే తగిలింది. నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో యూఎస్ఎయిడ్ సాయంతో తెరిచిన మిత్ర్ క్లినిక్ 2025 మొదట్లో మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో తెరుచుకుంది.

నాకు బాగా ఇష్టమైన కథ ఇంకొకటి ఉంది, ప్రతి స్టాఫర్‌కీ చెప్తాను. పాకిస్తాన్ సింధ్‌లో ఒక హైదరాబాద్ ఉంది కదా, అక్కడ 2016లో మామూలు మందులకి లొంగని టైఫాయిడ్ పుట్టి పాకింది. 2019లో గావీ సాయంతో పాకిస్తాన్ పిల్లలకి వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. రెండు దేశాలు మాట్లాడుకోకపోయినా రెండు హైదరాబాద్‌ల మధ్య టీకా నడిచింది. అదే గావీకి ఇక డబ్బు ఇవ్వబోమని 2025 జూన్‌లో అమెరికా ఆరోగ్య మంత్రి ప్రకటించారు.

సహాయమంతా గంగాజలం అనడం లేదు. నేను చేరిన కొత్తలో మేం గట్టిగా అడిగిన వాటిలో మైక్రోక్రెడిట్, అంటే పేదలకి చిన్న అప్పులివ్వడం, ఒకటి. 1997లో వాషింగ్టన్‌లో మైక్రోక్రెడిట్ మహాసభ పెట్టించింది మా సంస్థవాళ్లే. 2010లో నేను ఒక ఆఫీసులో చిన్న అప్పుల గొప్పతనం చెప్తున్న నెలల్లోనే, మన ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లు తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్న వార్తలొచ్చాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మా పిన్ని ఫోన్‌లో "వారం వారం ఇంటి ముందు కూర్చుంటున్నార్రా" అంది. ఆ తర్వాత మీటింగ్‌లో నేనే ఆ సంగతి ఎత్తాను. పొదుపు సంఘం వేరు, లాభం కోసం షేర్ మార్కెట్‌కి వెళ్లిన అప్పుల కంపెనీ వేరు, రెండింటినీ ఒకే మాటతో పిలిచి డబ్బడిగాం, పొరపాటు అని. పక్కవాళ్లు కంగారుపడ్డారు గానీ, స్టాఫర్ మమ్మల్ని ఎక్కువ నమ్మడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే. మన వైపు తప్పు మనమే చెప్తే మిగతాది కూడా నిజమే అయ్యుంటుందని వాళ్లకి అనిపిస్తుంది. అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: ఫలితం లెక్కపెట్టగలిగిన వాటికే అడగడం. టీకా, దోమతెర, టీబీ పరీక్ష, బడికి వచ్చిన ఆడపిల్ల.

ఊరి బడికి వంద డాలర్లా, ఇదా అన్నారు. బడికి పంపండి, మానొద్దు. అక్కడి పిల్లల మొహాలు మీకు తెలుసు, ఆ తృప్తి ఇందులో రాదు. కానీ లెక్క వేరు. ఎయిడ్స్, టీబీ, మలేరియాలకి డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్‌కి అమెరికా ఇచ్చేది మొత్తం విరాళాల్లో 33 శాతం దాటకూడదని చాలా ఏళ్లు చట్టంలోనే ఉండేది. అంటే అమెరికా ఒక డాలర్ ఇవ్వాలంటే మిగతా ప్రపంచం రెండు డాలర్లు పెట్టవలసి వచ్చేది. మీ ఈమెయిల్ వల్ల ఒక సంతకం పడి, ఆ సంతకం వల్ల ఆ పద్దు కొంచెం నిలబడినా, మీరూ నేనూ జన్మంతా పంపినా అంత కాదు. మన సంఘాల మహాసభల్లో పట్టుచీరలకీ సినిమా తారల ఫొటోలకీ పెట్టే ఓపికలో పదో వంతు ఇటు పెడితే ఎంత బాగుండునో అని ప్రతి రెండేళ్లకీ అనుకుంటాను. అదే హాల్లో కాంగ్రెస్ సభ్యుడికి శాలువా కప్పి పంపేస్తాం. శాలువా కప్పినప్పుడే ఆ ఒక్క ప్రశ్న అడగొచ్చు కదా?

మీ స్నేహితుల్లో హెచ్1బీ వాళ్లు, గ్రీన్‌కార్డు వాళ్లు ఉంటారు. ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటున్నవాళ్లుగా ఆఫీసుకి రాయొచ్చు, కలవొచ్చు. ఎన్నికల విరాళాలు మాత్రం వీసా మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం. ఈ రోజుల్లో వీసా టెన్షన్ ఉన్నవాళ్లని నేను ముందుకి తొయ్యను. పేరు బయటికి రాకుండా సాయం చేసే పనులు చాలా ఉన్నాయి: సమాచారం వెతకడం, ఒక పేజీ రాయడం, మీటింగ్‌కి కారు నడపడం.

స్థానిక పత్రికకి ఎడిటర్‌కి ఉత్తరం రాయడం మర్చిపోకండి. నూట యాభై మాటలు చాలు. అందులో మీ కాంగ్రెస్ సభ్యుడి పేరు ఉండి తీరాలి. చాలా ఆఫీసులు బాస్ పేరు ఎక్కడ అచ్చయినా కత్తిరించి పెట్టుకుంటాయి. సభ్యుడు మంచిపని చేసినప్పుడు మెచ్చుకుంటూ కూడా రాయండి. తిట్టే ఉత్తరాలు కుప్పలుగా వస్తాయి, థాంక్స్ చెప్పే ఉత్తరం అరుదు.

ఇప్పుడు మీరు చెయ్యవలసింది చిన్నదే. ముందు ఇంకో ముగ్గుర్ని పట్టుకోండి. తెలుగువాళ్లే అక్కర్లేదు, చర్చి నుంచి ఒకరు, రిటైరైన టీచరు ఒకరు ఉంటే ఇంకా మంచిది. ఒకే రకం మనుషులు నలుగురు వస్తే ఆఫీసు ఒక గుంపుగా లెక్కేస్తుంది. స్విచ్‌బోర్డ్ 202-224-3121కి ఫోన్ చేసి, మీ సభ్యుడి ఆఫీసు అడిగి, ఆ అసిస్టెంట్ పేరు రాసుకోండి. మీటింగ్ కోరుతూ ఈమెయిల్ పంపండి. వారంలో జవాబు రాకపోతే మళ్లీ పంపండి, కోపం లేకుండా. మాకు ఒకసారి ఏడో ఈమెయిల్‌కి జవాబొచ్చింది. మీటింగ్‌లో ఎవరు కథ చెప్తారు, ఎవరు అంకె చెప్తారు, ఎవరు ప్రశ్న అడుగుతారు అన్నది ముందే పంచుకుని, ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకోండి. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం కూడా ప్రాక్టీస్ చెయ్యండి. మన వల్ల కాని పని అదే. మౌనం భరించలేక "పర్లేదు లెండి, ఆలోచించండి" అని మనమే వాళ్లకి దారి చూపించేస్తాం.

బయటికి వచ్చాక పార్కింగ్ లాట్‌లోనే, మర్చిపోకముందు, వాళ్లేమన్నారో రాసుకుని ఆ రాత్రే థాంక్స్ మెయిల్ పంపండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, అనుమానం ఉన్న మనిషి పక్కన ఉంటే మీటింగ్ బాగా జరుగుతుంది. ఆఫీసువాళ్లకి వచ్చే సందేహాలన్నీ ఆయన కారులోనే అడిగేసి ఉంటారు.